ఖర్చులేని సర్వీసింగ్

కారుకి ఆయిలు మార్చే ఆదివారం బురుల్ పని పిండి కలపడంతో మొదలవుతుంది. మొగుడు కుబాత్ ఆయిలు మార్చాలంటే అతని స్నేహితులు ఎర్మెక్, తబిల్దీ రావాలి. వాళ్ళొస్తే మంతి పెట్టాలి. మంతి అంటే పిండి పల్చగా వత్తాలి, మాంసం, ఉల్లిపాయలు సన్నగా తరగాలి, పొట్లాల్లా చుట్టి ఆవిరి మీద ఉడికించాలి. మధ్యమధ్యలో గరాజులోకి పరిగెత్తి, కారు కింది గుంటలో దిగిన మొగుడికి దీపం చూపించాలి, అడిగిన పానా అందించాలి. అంతా అయ్యాక జిడ్డు బట్టలు నానబెట్టాలి. "చేతులుండగా షోరూం వాడికి డబ్బు తగలెయ్యడం దేనికి?" అంటాడు కుబాత్. ఎవరి చేతులో మాత్రం చెప్పడు. అతని లెక్కలో ఆయిలు డబ్బా, ఫిల్టరు తప్ప ఇంకేమీ ఉండవు. ఊళ్ళోని పెద్ద దోర్దోయ్ బజారులో పిల్లల కోట్లు టోకున అమ్మే బురుల్‌కి, కూలీ బాడుగలు మర్చిపోయి సరుకు వెల ఒక్కటే వేసుకునే వ్యాపారి ఎన్నాళ్ళు నిలుస్తాడో బాగా తెలుసు.

కారు కొన్నది ఆ కోట్ల మీద వచ్చిన డబ్బుతోనే. వసంతంలో ఒకసారి సర్వీసింగ్ కోసం తనే షోరూంకి ఫోను చేసింది. "ముందు మీ ఆయన్ని అడిగి చెయ్యమ్మా," అన్నాడు అవతలి మనిషి. ఆ మాట చెబితే కుబాత్ నవ్వి, వాడెవడో తెలివైనవాడన్నాడు. ఇంట్లో దీపస్తంభం, అక్కడేమో లెక్కలో లేని మనిషి. రెండు బేరాల్లోనూ నష్టం తనకే.

ఈసారి చిక్కు వేరు. మొదటి మంచు పడింది. సోమవారం తెల్లవారకముందే కజకస్తాన్ వ్యాపారులు కోట్ల కోసం వస్తారు. హాల్లో మూటలు కిటికీని కప్పేశాయి. మధ్యాహ్నానికి మగవాళ్ళు పాత ఆయిలు వంచేశారు. బ్రేకులు కూడా చూద్దామని ఎర్మెక్ అంటే ఒక చక్రం ఊడదీశారు. అరిగాయని ఒకరు, లేదని ఇద్దరు వాదించుకున్నారు. ఈలోగా ఆకలేసింది. మంతి అయిపోయింది, టీ మొదలైంది. మిగతాది రేపు సాయంత్రం చూసుకోవచ్చన్నాడు కుబాత్.

"పొద్దున్నే సరుకు వెళ్ళాలండీ."

"టాక్సీ పెట్టుకో. ఒక్కరోజుకి ఏం మునిగిపోతుంది?"

"వదిన కంగారు చూస్తే ఇంజను దానంతటదే బిగుసుకునేట్టుంది," అన్నాడు తబిల్దీ. అందరూ నవ్వారు.

టీ పొయ్యడం కోడలి పని. పిడిలేని టీ గిన్నె, పియాలాలో సగానికి తక్కువే పొయ్యాలి. మళ్ళీ మళ్ళీ చాపి పోయించుకోండి, ఇంకాసేపు కూర్చోండి అని దాని అర్థం. అంచుదాకా నింపితే, తాగేసి లేవండి అని. బురుల్ తబిల్దీ పియాలా తీసుకుని అంచుదాకా నింపింది. ఎర్మెక్‌దీ నింపింది. చెయ్యి ఎలాగూ ఆగలేదు కాబట్టి కుబాత్‌దీ నింపేసింది.

పొంగేట్టున్న పియాలాని ఒలకకుండా ఎలా ఎత్తాలో తెలియక ఎర్మెక్ వంగి, బల్ల మీదే ఒక గుక్క పీల్చాడు. ఇంటి దగ్గర ఏదో పని ఉన్నట్టు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అప్పటిదాకా మూలన కూర్చున్న అత్తగారు తన పియాలా చాపింది. "నాకు సగమే పొయ్యవే. నేనెక్కడికీ పోవడం లేదు."

స్నేహితులిద్దరూ గేటు దాటేదాకా ఆగి అత్తాకోడళ్ళు పగలబడి నవ్వారు.

"పరువు తీశావు," అన్నాడు కుబాత్. "ఇప్పుడు కారెవరు చేస్తారు?"

బురుల్ బజారులో అన్ని కోట్లూ కుట్టించదు, అన్నీ కొనదు. తన చేతి కింద చవగ్గా, నికరంగా అయ్యేవి కుట్టిస్తుంది. మిగతావి పూచీ ఇచ్చేవాడి దగ్గర కొంటుంది. ఇంట్లో ఇన్నేళ్ళూ ఈ లెక్క ఎందుకు వెయ్యలేదో తనకే నవ్వొచ్చింది. పాత స్వెట్టరు వేసుకుని గుంటలోకి దిగింది. ఆయిలు వంచిన చోట బోల్టు బిగించింది. పాత ఫిల్టరు విప్పి, కొత్తదాని అంచుకి కాస్త ఆయిలు రాసి చేత్తో తిప్పి బిగించింది. పైకొచ్చి, మట్టం చూసే కడ్డీ తుడిచి ముంచి తీసి చూస్తూ ఆయిలు పోసింది. కుబాత్ దీపం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మీరూ ఎర్మెక్కూ వాదించుకునేటప్పుడు."

చక్రం మాత్రం అతనే బిగించాడు, అడగకుండానే.

సోమవారం కోట్లు వేళకి బజారు చేరాయి. మధ్యాహ్నం ఆమె ఫోను చెయ్యకుండా కారుని నెమ్మదిగా షోరూంకే తోలుకెళ్ళింది. బల్ల వెనక కుర్రాడు తలెత్తకుండా కారు యజమాని పేరడిగాడు.

"బురుల్."

"ఈమధ్య ఆయిలు మార్చారా? మార్చిన మెకానిక్ పేరు?"

"బురుల్."

అతను తలెత్తి, ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

"బ్రేకులకి ఎంతో చెప్పండి," అంది బురుల్, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఎంత తగ్గిస్తారో కూడా."