ఏరని మిరపకాయ

శ్రీపతి పళ్లెంలో కరివేపాకు కనబడి ఇరవయ్యేళ్లయింది. కరివేపాకే కాదు, పోపులో ఎండుమిరపకాయ ముక్క, పులుసులో చింతపండు పీచు, బిర్యానీలో లవంగం, చేపలో ముల్లు, ఏదీ ఆ పళ్లెం గడప తొక్కదు. అన్నిటినీ భానుశ్రీ ముందే ఏరేస్తుంది. గరిటెతో తీసి, గరిటె అంచున వేలితో తడిమి చూసి, ఏరాల్సింది ఏరి, అప్పుడు వడ్డిస్తుంది. పెళ్లయిన నాలుగో రోజున నరసరావుపేటలో అత్తగారు శ్యామసుందరి పక్కన కూర్చోబెట్టుకుని మరీ నేర్పింది ఈ విద్య. "మా ఇంట్లో మగాళ్లు పళ్లెంలో ఏరుకోరమ్మాయ్. ఆళ్లకి చేతగాదు. మనమే చూసుకోవాల" అంది, ఏదో నగ అప్పగిస్తున్నట్టు. భానుశ్రీ కూడా నగ పుచ్చుకున్నట్టే పుచ్చుకుంది. ఆ వయసుకి ఆ బుద్ధి అంతే.

ఇంతా చేస్తే ఈ శ్రీపతి నలుగురిలో ఉన్నప్పుడు పెద్ద మిరపకాయల మొనగాడు. ఆఫీసు వాళ్లు పెరట్లో మాంసం కాల్చుకునే బార్బెక్యూ విందుకి పిలిస్తే బల్ల మీద సాస్ సీసా చూసి పకపకా నవ్వుతాడు. "దీన్ని కారం అంటారా మీరు? మాది గుంటూరు, మేట్" అంటాడు. వాళ్లు నోళ్లు తెరుస్తారు. పుట్టి బుద్ధెరిగాక ఈ మనిషి కారమున్న మిరపకాయ ఒక్కటి కూడా పంటికింద పెట్టలేదన్న సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకరు కన్నతల్లి, ఇంకొకరు కట్టుకున్నది. మిరపకాయ బజ్జీకి కూడా భానుశ్రీ గింజలు గీకేసి, మజ్జిగలో నానేసి, ఆనక చేస్తుంది. ఆయన నాలుగు తిని, "చూశావా, మనకి కారమే ఎక్కదు" అని మూతి తుడుచుకుంటాడు.

మాటల్లోనూ అంతే. ఆమె మొదలుపెట్టిన మాటని ఆయన ముగిస్తాడు. ఎవరైనా "మీరేం చదివారండీ?" అని ఆమెని అడిగితే, "బీఫార్మసీ. ఇక్కడ పనికిరాదులే" అని ఆయన చెప్తాడు. సిడ్నీ వచ్చిన కొత్తలో ఆమె కూడా అదే నమ్మింది. బ్లాక్‌టౌన్‌లో ఒక మందుల షాపులో ఏడేళ్లు సహాయకురాలిగా అరల్లో డబ్బాలు సర్దింది. మందు పేరు చూడగానే దాని గుణం, దోషం అన్నీ మనసులో తిరిగేవి, నోటితో మాత్రం "ఫార్మసిస్ట్‌ని పిలుస్తాను" అనేది. ఇక్కడ ఫార్మసిస్ట్ కావడానికి మొదటిసారి పరీక్ష రాసినప్పుడు, సరిగ్గా ముందు రోజు శ్రీపతి తన మేనేజర్ కుటుంబాన్ని భోజనానికి పిలిచాడు. "ఒక్క పూట వంటకి ఎంతసేపు పడుతుందే?" అన్నాడు. పదకొండు రకాలు చేసింది. పరీక్ష పోయింది. "చెప్పాగా, నీ వల్ల కాదని" అన్నాడు, ఎంతో జాలిగా. రెండోసారి ఎవరికీ చెప్పకుండా రాసింది. గట్టెక్కింది. ఏడాది శిక్షణ కూడా పూర్తిచేసింది. మొన్న మార్చిలో రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది. ఏప్రిల్లో డబ్బో అనే ఊళ్లోని ఆస్పత్రి నుంచి ఉద్యోగం వచ్చింది. సిడ్నీ స్కోఫీల్డ్స్‌లో ఉన్న తమ ఇంటి నుంచి కారులో అయిదు గంటల దూరం. అక్కడే ఉండాలి, సెలవులకి రావాలి. సోమవారం లోపు ఏ సంగతీ చెప్పాలి.

కూతురు తన్మయి మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో చేరిపోయింది. ఫోన్లో చెబితే ఒకటే మాట అంది. "గో, అమ్మా. జస్ట్ గో." శ్రీపతికి చెబితే, "చూద్దాంలే" అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాం అంటే అర్థమేమిటో భానుశ్రీకి తెలుసు. అయినా శనివారం పొద్దున ఆయన తనంతట తనే, "ఇయ్యాల వంట వద్దు, బయట తిందాం. ద్వారకా వాళ్లని కూడా పిలిచా" అనేసరికి, ఒప్పుకున్నాడు కాబోలు, అందరి ముందూ చెబుతాడు కాబోలు అనుకుంది. పిచ్చిది, ఇస్త్రీ చీర తీసి కట్టుకుంది.

ద్వారకానాథ్ శ్రీపతికి ఇంజనీరింగ్ నాటి నేస్తం. భార్య నీరజతో కలిసి హారిస్ పార్క్‌లో ఉంటాడు. వాళ్లింటి దగ్గరే, రెండు వీధుల అవతల, జమైకా వాళ్ల హోటల్ ఒకటుంది. ఆరు బల్లలు, గోడ మీద ఆ ఇంటివాళ్ల పెళ్లి ఫోటో. మొగుడు విన్‌స్టన్ భుజాన తుండుగుడ్డ వేసుకుని వడ్డిస్తాడు, పెళ్లాం మెర్ల్ పొయ్యి దగ్గర ఉంటుంది. కూర్చోక ముందే శ్రీపతి, "జమైకా వాళ్లది బాగా కారం అంటగా. చూద్దాం ఆళ్ల సంగతేందో" అని చొక్కా చేతులు మడిచాడు.

చేతులు కడుక్కుందామని భానుశ్రీ లేచింది. వంటింటికి సగం గోడే ఉంది. కొబ్బరిపాలలో బియ్యం ఉడుకుతున్న వాసనకి కాళ్లు ఆగిపోయాయి. అరవై దాటిన మెర్ల్ ఆమె నిలబడిన తీరు చూసి, వంట తెలిసిన మనిషే అనుకుందో ఏమో, రమ్మని చేత్తో పిలిచి మూత ఎత్తి చూపించింది. అన్నంలో ఎర్ర చిక్కుడు గింజలు, పైన నిగనిగలాడే నారింజరంగు మిరపకాయ ఒకటి. బొద్దుగా, నొక్కులు నొక్కులుగా, బొమ్మ కాప్సికమ్‌లాగా ముద్దొస్తోంది. 'స్కాచ్ బానెట్' అని పేరు చెప్పింది మెర్ల్. వాసన కోసమే వేస్తారట. పగలకుండా ఉడికించి, పగలకుండా పైకి తీయడంలోనే ఉందట పనితనమంతా. "పగిలిందా, ఆ కారానికి కుండెడు అన్నమూ పారబోసుకోవాలి. నలభై ఏళ్లలో రెండుసార్లే పగిలింది. పగల్లేదని చూపించడానికి మా అమ్మ గిన్నె పైన పెట్టి పంపేది, నేనూ అంతే. అది తినేది కాదు. మా వాళ్లకి తెలుసు, మీవాళ్లకి నువ్వు చెప్పు" అంది. ఇంతలో విన్‌స్టన్ వచ్చి పొయ్యి పక్కన ఒక పళ్లెం పెట్టి, "ముందు నువ్వు తిను, చల్లారిపోతుంది" అని మెర్ల్‌తో అని వెళ్లిపోయాడు. మెర్ల్ అదేం వింత కానట్టు నిలబడే రెండు ముద్దలు తింది. తను వేడన్నం తిని ఎన్నాళ్లయిందో భానుశ్రీకి లెక్క తేలలేదు.

ఆమె తిరిగొచ్చి కూర్చునేసరికి ద్వారకానాథ్ అడుగుతున్నాడు. "అయితే చెల్లెమ్మా, డబ్బో ప్రయాణం ఎప్పుడు?"

"సోమవారం లోపు చెప్పాలన్నయ్యగారూ. నేనేమనుకుంటున్నానంటే..."

"అది అయిపోయిందిరా" అన్నాడు శ్రీపతి, నీళ్లు తాగుతూ. "గురువారమే మెయిల్ పెట్టేశా. ఫ్యామిలీ రీజన్స్ వల్ల కుదరదు, థాంక్యూ అని. పొలైట్‌గానే రాశాలే."

నీరజే ముందు తేరుకుంది. "మీరు పెట్టారా? ఎవరి మెయిల్ నుంచి?"

"తన మెయిల్ నుంచే. ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేనేగా. జూన్‌లో అమ్మొస్తంది. ఈవిడెళ్లి డబ్బోలో కూర్చుంటే అమ్మకి వండి పెట్టేదెవరు? నా సంగతేంది? అయినా తను డిసైడ్ చేసుకోలేదు నీరజా, నీకు తెలవదు. నేను డిసైడ్ చేసేస్తే తనకీ టెన్షన్ ఉండదు. ఏమే భానూ?"

భానుశ్రీ ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. గురువారం ఏం చేసిందో గుర్తొచ్చింది. గోంగూర పచ్చడి నూరి, పోపులోంచి ఎండుమిరపకాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరింది. తను అలా ఏరుతున్న పూటే, పక్క గదిలో ఈయన తన పేరు పెట్టుకుని, తన తరఫున మర్యాదగా తనని ఏరి పారేశాడు. ఏడేళ్ల అరల సర్దుడు, పదకొండు రకాల వంట, పోయిన పరీక్ష, గట్టెక్కిన పరీక్ష, అన్నీ రెండు వాక్యాల్లో. పైగా తనకి టెన్షన్ ఉండదట. ఇన్నేళ్లూ ఆమెకి కోపం వచ్చేది, వచ్చి అంట్లు తోముతుండగా పోయేది. ఇవాళ వచ్చింది కోపం కాదు, కసి. దానికి పేరు పెట్టుకోవడానికి ఆమె ఏమీ సిగ్గుపడలేదు. ఈ మనిషిని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తను కాపాడకుండా వదిలేస్తే ఎలా ఉంటాడో చూడాలనిపించింది.

విన్‌స్టన్ అన్నం గిన్నె, మేకమాంసం కూర తెచ్చి పెట్టాడు. గిన్నె పైన నారింజరంగు మిరపకాయ చెక్కుచెదరకుండా కూర్చుంది. "సర్, ఆ మిరపకాయ మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"మేట్! ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు శ్రీపతి. "మా ఊళ్లో పాలుతాగే పిల్లలు తింటారు ఇట్టాంటివి."

"కాదు సర్, అది..."

"నో వర్రీస్, నో వర్రీస్."

విన్‌స్టన్ భానుశ్రీ వంక చూశాడు, మెర్ల్ నీకు చెప్పిందిగా అన్నట్టు. భానుశ్రీ తల ఊపింది. ఆయన నిశ్చింతగా వెళ్లిపోయాడు.

హోటలైనా సరే, గిన్నె బల్ల మీద పెట్టగానే మగవాళ్లిద్దరి పళ్లేలూ అలవాటుగా ఆమె వైపు జరిగాయి. నీరజ గరిటె అందుకోబోయింది. "నువ్వుండు, నేను వడ్డిస్తా" అంది భానుశ్రీ. ద్వారకానాథ్‌కి పెట్టింది. నీరజకి పెట్టింది. శ్రీపతికి అన్నం పెట్టి, కూరలోంచి సన్న ఎముకలు రెండు ఏరి అవతల పెట్టి, మెత్తటి ముక్కలు వేసింది. ఆనక గరిటె మిరపకాయ కిందికి పోనిచ్చి, మెర్ల్ చెప్పినట్టే, పగలకుండా పైకి లేపింది. ఇరవయ్యేళ్ల అలవాటు ఊరుకోదు కదా, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇది..."

"తెలుసులేవే, పెట్టు" అన్నాడు శ్రీపతి.

పెట్టింది. అన్నానికి సరిగ్గా నడిమధ్యన పెట్టింది.

శ్రీపతి మురిసిపోయాడు. "చూశావంట్రా ద్వారకా, మావిడకి తెలుసు ఎవరికి పెట్టాలో" అని, పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకున్నట్టు, తొడిమ పట్టుకుని మొత్తం నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు. ముందు నవ్వాడు. పండు వాసనొస్తోందని కూడా అన్నాడు. రెండుసార్లు నమిలాడు. మూడోసారికి దవడ కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ, తర్వాత బట్టతల. ముక్కు, కళ్లు, రెండూ ఒకేసారి కారడం మొదలుపెట్టాయి. ఉమ్మేద్దామంటే నలుగురూ ఉన్నారు, మింగుదామంటే గొంతు ఒప్పుకోవడం లేదు. గుంటూరు పరువు కోసం మింగేశాడు. అది ఇంకా పెద్ద పొరపాటు. కుర్చీలోంచి సగం లేచి, సగం కూర్చుని, "హా, హా" అంటూ చేతులతో నాలుక విసురుకున్నాడు. కారానికి నీళ్లు పనికిరావనీ, పాలు కావాలనీ ఫార్మసీ చదివిన భానుశ్రీకి తెలుసు. నీళ్ల జగ్గు ఆయన దగ్గరికి జరిపింది. గడగడా తాగాడు. మంట నోరంతా పరుచుకుంది.

నీరజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

గోడ మీద గడియారం ఒంటిగంటా ముప్పావు చూపిస్తోంది. డబ్బోలో హెలెన్, అక్కడి ఫార్మసీ పెద్దావిడ, శనివారాలు రెండింటి వరకూ ఉంటానని చెప్పింది. భానుశ్రీ సంచిలోంచి ఫోన్ తీసి, అందరి ముందూ, బల్ల దగ్గరే కూర్చుని కలిపింది. ఇంగ్లిష్‌లో, ఎక్కడా తడబడకుండా మాట్లాడింది.

"హెలెన్, నేను భానుశ్రీని. గురువారం నా పేరుతో మీకొక మెయిల్ వచ్చింది. అది నేను రాయలేదు. నాకు తెలియకుండా నా భర్త రాశారు."

శ్రీపతి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "హా... ఏయ్... హా..." అన్నాడు. అంతకు మించి నాలుక తిరగలేదు. భానుశ్రీ ఆయనకి ఒక వేలు చూపించింది, ఆగమని. ఇరవయ్యేళ్లలో మొదటిసారి ఆమె మొదలుపెట్టిన మాటని ఆమే ముగించింది.

"నాకు ఆ ఉద్యోగం కావాలి. నేను వస్తున్నాను."

అవతల హెలెన్, ఇంకా ఎవరినీ తీసుకోలేదనీ, సంతకం పెట్టిన కాగితాలు సోమవారానికి అందితే చాలనీ చెప్పింది. "ఈ రోజే పంపిస్తాను" అంది భానుశ్రీ. ఫోన్ సంచిలో పెట్టకుండానే మెయిల్ తెరిచి పాస్‌వర్డ్ మార్చేసింది. అక్షరాలు నొక్కుతుంటే శ్రీపతి నీళ్లు నిండిన కళ్లు చిట్లించి చూడబోయాడు. ఆమె ఫోన్ అటు తిప్పుకుంది.

ఆ సందడికి మెర్ల్ పాల గ్లాసు పట్టుకుని వచ్చింది. "నువ్వు చెప్పలేదా?" అంది భానుశ్రీతో.

"చెప్పబోయాను. వినే అలవాటు లేదు."

మెర్ల్ ఆయన వంక చూసింది, ఆమె వంక చూసింది. పాల గ్లాసు ఆయన చేతికివ్వకుండా భానుశ్రీ ముందు పెట్టి వెళ్లిపోయింది.

గ్లాసు భానుశ్రీ ముందే ఉంది. శ్రీపతి చెయ్యి చాపాడు. అందలేదు. అడిగితే గానీ రాదని అర్థమైంది. చివరికి మాట పెగిలింది.

"నీకు ముందే తెలుసన్నమాట. చెప్పొచ్చుగా!"

"గురువారం మీరు నాకు చెప్పారా?"

ద్వారకానాథ్ పళ్లెంలోకి తల దించుకున్నాడు. భానుశ్రీ పాలు ఆయన వైపు తోసి, తన పళ్లెం దగ్గరికి లాక్కుని వడ్డించుకుంది. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కొబ్బరిపాల కమ్మదనం, దాని వెనకే ఆ మిరపకాయ వాసన. తీరిగ్గా నమిలి, మింగి, అప్పుడు శ్రీపతి పళ్లెంలోకి చూసింది.

"అన్నంలో ఏదో ఆకు పుల్ల ఉంది, కూరలో ఎముకలూ ఉంటాయి, చూసుకోండి" అంది. "ఇకనుంచి మీరే ఏరుకోవాలి."