ఆ ఇంట్లో ఉండని మనిషి

"మంచం కింద నీ జడపిన్ను ఒకటి పడుంది చూడవే" అన్నారు అత్తగారు, ఆ మంచం మీదే కూర్చుని, కాళ్ళు మాత్రం కాస్త పైకెత్తి.

ఆమె వంగి తీసింది. బాత్రూములో తన పళ్ళ బ్రష్షు, అద్దం దగ్గర దువ్వెన, గుమ్మం పక్కన చెప్పులు, బీరువాలో బట్టలు. తన గుర్తు ఒక్కటి కూడా ఆ ఇంట్లో మిగలకూడదు. మధ్యాహ్నం పన్నుల ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వస్తున్నాడు.

సొంత ఇంట్లో యజమానే ఉంటే ఇంటిపన్ను సగానికి తగ్గిస్తారు. కాకపోతే ఆ రాయితీ కుటుంబానికి ఒక్క ఇంటికే. కలిసి ఉంటున్న మొగుడూ పెళ్ళాం రెండిళ్ళకు తీసుకోవడానికి వీల్లేదు. ఈ ఇల్లు భర్త పేర ఉంది. నాలుగు వీధుల అవతల ఒక చిన్న ఫ్లాటు ఆమె పేర ఉంది. ఇద్దరూ విడిగా ఉంటున్నట్టు రాసిచ్చేస్తే రెండింటికీ తగ్గుతుందని నిరుడు భర్తకు మెరుపులా తట్టింది. "కాగితం మీద విడిపోతే విడిపోయినట్టా? తెలివైనవాళ్ళంతా చేసేదే" అన్నాడు. రక్తపరీక్షల ల్యాబులో పగలంతా నిలబడి వచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే, చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది. తనిఖీ ఉందని కబురొచ్చాక మాత్రం భయమేసి అడిగింది, పట్టుబడితే ఏమవుతుందని. "ఆ ఫ్లాటు రాయితీకి సంతకం పెట్టింది నువ్వు. నువ్వే చెప్పుకోవాలి" అని నవ్వాడు. అది వేళాకోళమో, నిజమో తేల్చుకోలేక అప్పట్నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

పద్దెనిమిదేళ్ళ కాపురం ఒక్క సంచిలో పట్టింది. జిప్పు కూడా సులువుగానే పడింది. లేచి చుట్టూ చూసింది. గది నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంది. ఇంతకాలం తను ఎక్కడున్నట్టు? రోజూ తుడిచిన నేల ఉంది, ఉతికిన తెరలున్నాయి, తోమిన గిన్నెలున్నాయి. అవేవీ ఆమెవి కావు. ఇన్‌స్పెక్టర్ కాదు కదా, పోలీసు కుక్క వచ్చినా ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉండేదని పసిగట్టలేదు.

"ఇక ఫ్లాటుకి వెళ్ళనా?" అంది.

"వంట చేసి వెళ్ళు. ఆయనొచ్చేది మధ్యాహ్నం కదా. అమ్మ పస్తుండాలా?" అన్నాడు భర్త.

కూర ఇంకా ఉడకలేదు, తలుపు చప్పుడైంది. మధ్యాహ్నం వస్తానన్నవాడు పొద్దున్నే వచ్చేశాడు. వంటింట్లో ఆమె గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. ఇన్‌స్పెక్టర్‌కు జలుబు. గదులన్నీ తిరుగుతూ తుమ్ముతున్నాడు. బీరువా తలుపు కిర్రుమంది. బాత్రూములో లైటు వేశాడు.

"కాసిని వేడినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇదుగో, వేడినీళ్ళు పట్రా" అని కేకేశాడు భర్త. అలవాటు. కేకేశాక గానీ నాలుక కరుచుకోలేదు.

ఆమెకు గ్లాసుతో బయటికి రాక తప్పలేదు. ఇన్‌స్పెక్టర్ ఆమె మొహంలోకి చూశాడు. "ఈవిడ?"

"వంటావిడండీ" అన్నాడు భర్త. తడుముకోలేదు. క్షణం కూడా ఆలోచించలేదు.

"మా కోడలు వెళ్ళిపోయాక పెట్టుకున్నాం బాబూ" అందుకున్నారు అత్తగారు. "చెయ్యి మంచిదే గానీ ఉప్పు కాస్త ఎక్కువేస్తుంది."

"ఎన్నాళ్ళయిందమ్మా ఇక్కడ చేరి?"

పద్దెనిమిదేళ్ళు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. "ఏడాదండీ" అంది. గ్లాసు అందించబోతే నీళ్ళు తొణికి చేతి మీద పడ్డాయి. కాలుతున్నా చెయ్యి తీయలేదు. ఇన్‌స్పెక్టర్ తలూపాడు. అతనికి అనుమానమే రాలేదు. అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది అదే.

"ఈ ఇంటి సంగతి సరే. పక్క వీధిలో ఒకటి చూసుకుని మీ ఆవిడ ఫ్లాటుకు వెళ్తాను. ఆవిణ్ణి అక్కడ ఉండమనండి" అని ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే భర్త ఆమె మీదికి తిరిగాడు. "నిన్నెవరు బయటికి రమ్మన్నారు?"

"మీరే పిలిచారు."

"పిలిస్తే మాత్రం? బుర్ర ఉండక్కర్లా? నీ మొహం చూసేశాడు. ఇప్పుడు అక్కడికి నువ్వెలా వెళ్తావు?" అటూ ఇటూ తిరిగి, ఠక్కున ఆగాడు. "అక్కని పంపిస్తా. నీ గుర్తింపు కార్డులో ఫోటో పాతది, ఎవరో తెలీదు. కార్డూ తాళం ఇలా ఇవ్వు."

"వదిన నా పేరు చెప్పుకుంటుందా? తేడా వస్తే?"

"వస్తే లోపలికి పోయేది నువ్వు. అందుకే నోరు మూసుకుని ఇవ్వు."

"నీ మంచికే చెప్తున్నాడే" అన్నారు అత్తగారు.

ఆమె ఇద్దరినీ చూసింది. వంటావిడ అని ఒకరన్నారు. ఇంకాసేపట్లో ఇంకొకరు ఆమె పేరుతో తలుపు తీస్తారు. ఇక తనకంటూ మిగిలేది సంతకం, దానికి పడే శిక్ష.

"కార్డు సంచిలో ఉంది, తెస్తాను" అంది. పొయ్యి కట్టేసింది. సంచి తీసుకుని పెరటి తలుపులోంచి బయటపడింది.

వీధిలో ఎవరు వెనకాల నడిచినా భర్తే అనిపించింది. ఫోను మోగుతూనే ఉంది. నడకా కాదు, పరుగూ కాదు. ఫ్లాటు చేరి తాళం తీసింది. లోపల ఒక కుర్చీ, ఖాళీ గోడలు. గడియ పెట్టి, కూర్చోలేక నిలబడింది. మెట్ల మీద తుమ్ము వినిపించింది. ఆ తర్వాత తలుపు మీద చప్పుడు.

తీసింది.

ముక్కు తుడుచుకుంటున్న ఇన్‌స్పెక్టర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "నువ్వు ఆ ఇంట్లో వంటావిడవి కదమ్మా?"

ఆమె తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఈ ఫ్లాటు నాదండీ. ఆ ఇంటి కోడల్ని నేనే. నిరుడు విడిగా ఉంటున్నామని రాసిచ్చింది అబద్ధం. దానికి ఎంత జరిమానా పడితే అంత నా జీతంలోంచి కడతాను."

ఇన్‌స్పెక్టర్ ఆమె చేతిలోని సంచిని, వెనక ఖాళీ గదిని చూశాడు. "అంటే ఇప్పుడు ఎక్కడ ఉంటున్నట్టు రాసుకోమంటారు?"

భయం పోలేదు. మాట మాత్రం వచ్చింది.

"ఈరోజు నుంచి ఇక్కడే ఉంటానని రాసుకోండి. ఆ ఇంట్లో వంటావిడ పని మానేసింది."