చేతులు తారుమారైన కోటు

మా మేనకోడలు బట్టల మీద డాక్టరేట్ చేసింది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు, "అయితే కుట్టుపని బాగా వచ్చన్నమాట" అంటారు. రాదండీ. చొక్కా గుండీ ఊడితే ఇప్పటికీ వాళ్లమ్మే కుట్టిపెట్టాలి. అది చదివింది సోషియాలజీ. అంటే నలుగురు ఒకచోట చేరినప్పుడు మనుషులు ఎందుకలా నడుచుకుంటారో చూసే చదువు. అందులో మా పిల్ల పట్టుకున్నది ఫ్యాషన్. నిరుడు ముచ్చటగా ఉన్న కోటు ఈ ఏడు వెలవెలబోతుంది. కోటు మారలేదు, మన కళ్లు మారాయి. ఆ కళ్లను మార్చేది ఎవరు, ఎక్కడ కూర్చుని మారుస్తున్నారు అన్నది దాని ప్రశ్న.

నేను స్కూలు వ్యాను నడుపుతాను. పదో తరగతి దగ్గరే ఆగిపోయాను. అయినా ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. మా అక్కకు మాత్రం నచ్చలేదు.

"అందరి పిల్లలూ జబ్బుల మీదా వంతెనల మీదా చదువుతుంటే ఇది అంగీల మీద చదివింది. నలుగురిలో ఏమని చెప్పుకోనురా?" అనేది.

"చెప్పుకోకక్కా. వాళ్లు వేసుకున్న అంగీ ఎవరు కొనిపించారో అడుగు చాలు" అనేవాణ్ని.

"నీకు తోడు అది, దానికి తోడు నువ్వు" అని లోపలికి వెళ్లిపోయేది.

ఫ్యాషన్ తయారయ్యే చోటు చూడాలని పిల్ల ఎన్నో గుమ్మాలు ఎక్కింది. మా దగ్గర చూడ్డానికేముందని అందరూ సాగనంపారు. ఒక్క డిజైనర్ మేడం మాత్రం పిల్లను ఎగాదిగా చూసి, మెళ్లో ఉన్న టేపు తీసి భుజం, ఛాతీ, నడుము కొలిచి, "రేపట్నుంచి రా. నువ్వేం చెయ్యక్కర్లేదు, నిలబడితే చాలు" అంది.

సంగతేమిటంటే, కొత్త డ్రస్సు ఏదైనా ముందు ఒక్కటే కుడతారట. దాన్ని ఒక మనిషికి తొడిగి, చుట్టూ చేరి, ఎక్కడ లాగుతోంది, ఎక్కడ వదులైంది అని పిన్నులు గుచ్చుతూ సరిచేస్తారు. అలా నిలబడే అమ్మాయి పని మానేసింది. మా పిల్ల కొలతలు సరిగ్గా సరిపోయాయి. ఆ విధంగా మా ఇంటి డాక్టరమ్మ ఏడాది పైచిలుకు చేతులు చాచుకుని నిలబడింది. ఆ ఏడాదంతా ఇంట్లో యుద్ధమే. "ఇంకాస్త తినవే" అని మా అక్క, "నడుము పెరిగితే నా చదువు ఆగిపోతుందమ్మా" అని అది.

మొదటి రోజే అందరికీ చెప్పింది, నేను మిమ్మల్ని చూసి పుస్తకం రాయడానికి వచ్చాను, పేర్లు రాయను అని. అందరూ సరే అన్నారు. వారం తిరక్కముందే అందరూ మర్చిపోయారు. దాన్ని 'బొమ్మ' అని పిలవడం మొదలుపెట్టారు.

"చేతులు చాచి కదలకుండా నిలబడితే మనిషికి చెవులు కూడా ఉండవనుకుంటారు మామయ్యా" అనేది నవ్వుతూ.

ఒళ్లంతా పిన్నులుంటే రాసుకోవడం ఎలా? అందుకని సాయంత్రం నా ఖాళీ వ్యానెక్కి, విన్నదంతా మర్చిపోకముందే ఫోన్లోకి చెప్పుకుంటూ వచ్చేది. ఆ గదిలో మనుషులు నాకు అలా పరిచయమయ్యారు. గుడ్డ కత్తిరించే కటింగ్ మాస్టరు. ఆవిరి పెట్టె పక్కనే తూగే ఇస్త్రీ తాత. కోట్లకు చేతులు తప్ప ఇంకేమీ కుట్టని ఒకావిడ. ఆవిణ్ని అందరూ 'చేతులక్క' అంటారు. చేతులు భుజానికి ఎక్కించడం అన్నిటికంటే కష్టమట. ఆ పని ఆ గదిలో ఆవిడొక్కతికే ఇస్తారు.

అసలు కథ ఈ చేతులక్కతోనే.

పెద్ద ఫ్యాషన్ షోకి ముందురోజు ఒక కోటు తయారై వచ్చింది. పిల్ల తొడుక్కుంది. తొడుక్కోగానే తన రెండు చేతులూ వాటంతటవే వెనక్కి పోయాయి. ఎవరో మోచేతులు పట్టుకుని మెల్లిగా లాగుతున్నట్టుందట. కంగారులో చేతులక్క కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు ఎక్కించేసింది. కోటు చెయ్యి కొంచెం ముందుకు వంగేలా కత్తిరిస్తారు కదా, అటుదిటు ఇటుదటు అయ్యేసరికి వెనక్కి తిరిగింది. పిల్ల నోరు తెరవబోయింది. ఎదురుగా చేతులక్క ముఖం చూసింది. ఆవిడకూ అప్పుడే తెలిసింది. పక్కన మాస్టరుకూ తెలిసింది. ఇస్త్రీ తాత నిద్ర కూడా వదిలింది. విప్పి మళ్లీ కుట్టే సమయం లేదు.

అంతలో మేడం కళ్లజోడు లేకుండానే వచ్చింది. చుట్టూ తిరిగింది. వెనక్కి జరిగి నిలబడింది.

"ఇదీ నేను చెప్పింది. ఎవరి మాటా లెక్కచెయ్యనట్టు ఎలా నిలబడిందో చూడండి" అంది.

గదిలో ఎవరూ కిక్కురుమనలేదు. కోటు అలాగే స్టేజీ ఎక్కింది. పత్రికలవాళ్లు ఆ భుజం గురించి పేజీలు నింపారు. చలికాలం వచ్చేసరికి బజారు నిండా అవే కోట్లు. మా స్కూలు హెడ్ మిస్ట్రెస్ కూడా ఒకటి కొనుక్కుని, కారు స్టీరింగు తిప్పలేక తిట్టుకుంటూ గేట్లోకి వచ్చేది. నాకు అసలు సంగతి తెలుసు, చెప్పకూడదు. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని తిరిగేవాణ్ని.

పిల్ల పుస్తకానికి ఆ కోటే ప్రాణమైంది. ఒక గొప్ప బుర్రలోంచి పుట్టిందని లోకం అనుకున్న ఫ్యాషన్ ఒక పొరపాటూ, నలుగురి భయమూ కలిస్తే పుట్టింది. దాన్ని చూసి ఔనన్నది ఒక పేరున్న మనిషి కాబట్టి లోకమంతా ఔనంది. ఆ అధ్యాయం చదివి ప్రచురణకర్త ఎగిరి గంతేశాడు. ఇది లేకపోతే పుస్తకమే లేదన్నాడు. కాలేజీలో దాని ఉద్యోగం కాంట్రాక్టుది, ఆ వేసవితో గడువు అయిపోతోంది. పుస్తకం వస్తే పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

చిక్కల్లా పిల్ల ఇచ్చిన మాట దగ్గరే వచ్చింది. అచ్చుకు ముందు గదిలో అందరికీ చదివి వినిపిస్తాను, ఎవరు వద్దంటే వాళ్ల ముక్క తీసేస్తాను అని మొదటిరోజే చెప్పింది. పేరు మార్చి లాభం లేదు. ఆ గదిలో చేతులు కుట్టేది ఒక్కరే. మేడం చదివితే ఇట్టే పట్టేస్తుంది. చేతులక్క ఉద్యోగం పోతే పాపం ఎవరికి? పిల్ల తన రాతలో చేతులకు బదులు కాలరు అని మార్చి చూసింది.

"కాలరు తిరగబడితే మోచేతులు ఎందుకు వెనక్కి పోతాయే?" అన్నాను.

"అదే కదా మామయ్యా నా ఏడుపు" అంది.

మా అక్క కలగజేసుకుంది. "అచ్చేసెయ్యవే. వాళ్లేమైనా చదువుతారా, చస్తారా?"

"చదవరమ్మా. అందుకే నేను చదివి వినిపించాలి."

మా అక్క అన్నం గిన్నె గట్టిగా పెట్టింది.

శనివారం మధ్యాహ్నం, మేడం ఎవరో కొనేవాళ్లను కలవడానికి వెళ్లినప్పుడు, నేనే దాన్ని అక్కడికి తీసుకెళ్లాను. పొడవాటి గది. మధ్యలో కటింగ్ బల్ల, ఒక గోడ పొడుగునా గుడ్డ చుట్టలు, కిటికీ కింద మిషన్లు. నేను ఒక స్టూలు లాక్కుని మూల కూర్చున్నాను.

పిల్ల చదవడం మొదలుపెట్టింది. మొదట అందరూ నవ్వారు.

"ఆవిరి పక్కన నిద్రపోయే పెద్దాయనట. తాతా, ఇంకెవరో అయ్యుంటారులే" అన్నాడు మాస్టరు.

"కళ్లు మూసుకుని ఆలోచిస్తాన్రోయ్. రాసుకోనీ" అన్నాడు తాత.

కోటు దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. పిల్ల ఆపలేదు, చివరిదాకా చదివింది. చేతులక్క తన మిషను మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"బాగా రాశావు బొమ్మా" అంది. "నా ఉద్యోగం తీయించడానికి ఇంత బాగా రాయాలా?"

"అందుకే అచ్చుకు ముందు అడుగుతున్నానక్కా."

"తీసెయ్యమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా. ఆ ఒక్కటీ తీసెయ్."

మా పిల్ల ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "సరే అక్కా. తీసేస్తాను" అంది.

ఎన్నేళ్ల చదువు, ఎంతసేపటి నిలబడటం. అది కాగితాలు సర్దుకుంటోంది. లేచి వెళ్లి ఏదైనా అందామనుకున్నాను. ఏమంటాను? పిల్ల చేసింది న్యాయమే.

"ఎందుకు తీసెయ్యడం?"

అందరం తలుపు వైపు తిరిగాం. మేడం. కళ్లజోడు మర్చిపోయి దానికోసం వెనక్కి వచ్చిందట. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. చేతులక్క లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది.

"కూర్చోవే" అంది మేడం. "చేతులు మారాయని నాకు ఆరోజే తెలుసు. ఏది ఏ వైపు చెయ్యో తెలియడానికి గుడ్డ అంచున ముందువైపు ఒక గాటు, వెనకవైపు రెండు గాట్లు పెట్టుకోండని ఈ గదిలో మీకు నేర్పిందెవరు?"

మాస్టరే ధైర్యం చేసి, "మరి అప్పుడే అనలేదేం మేడం?" అన్నాడు.

"తెలుసంటే ఎవరు కుట్టారని అడగాలి. అడిగితే తిట్టాలి. తిట్టాక విప్పించాలి. నాకేమో ఆ కోటు అలాగే కావాలి. అందుకని తెలియనట్టు ఊరుకున్నాను."

చేతులక్క ముఖంలోకి రక్తం రావడం నేను చూశాను. భయం పోగానే ఆవిడకు కోపం వచ్చింది.

"బాగుంది మేడం. ఇన్నాళ్లూ పొద్దున్నే మిషను ముందు కూర్చున్నప్పుడల్లా ఇవాళ పిలుస్తారు, ఇవాళ పంపించేస్తారు అని చస్తున్నాను. నాతో ఒక్క ముక్క అంటే ఏం పోయింది?"

"నువ్వే వచ్చి చెబుతావని నేను చూస్తున్నాను."

"మీరు చూస్తున్నారు, ఆవిడ చూస్తోంది. మధ్యలో బీపీ మాత్రం నాకొచ్చింది" అన్నాడు మాస్టరు.

తాత పకపకా నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నేను కూడా నవ్వాను గానీ నా కళ్లు పిల్ల మీదే ఉన్నాయి. అది నవ్వడం లేదు.

"మేడం, మీరు సరేనంటే మీ సంగతి కూడా అందులో కలుపుతాను. తెలిసీ ఊరుకున్నారని. అది లేకపోతే నేను రాసింది సగమే" అంది.

"కలుపు. పరవాలేదు. క్లయింట్ల ముందు కళ్లజోడు దాచేస్తానని ఇందాక చదివావు, అది మాత్రం కొట్టెయ్."

"కొట్టేస్తాను." తర్వాత పిల్ల మిషన్ల వైపు తిరిగింది. "మేడం ఒప్పుకున్నారు. కానీ నేను అడిగింది నిన్నక్కా. నువ్వు ఇందాక వద్దన్నావు. ఇప్పటికీ వద్దంటే వద్దే."

ఆ మాటకు మేడం కూడా కొంచెం తెల్లబోయింది. తను ఔనన్నాక ఆ గదిలో ఇంకొకరిని అడగడం ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు. చేతులక్క ఒళ్లోని దారం ముక్కలు దులుపుకుంది. తొందరపడలేదు.

"ఉంచు" అంది చివరికి. "కానీ కాలరు, గీలరు అని మార్చావంటే ఊరుకోను. ఇన్నేళ్లుగా చేతులు కుడుతున్నదాన్ని. చేతులనే రాయి."

పిల్ల వెళ్లి ఆవిణ్ని గట్టిగా కావలించుకుంది. నేను స్టూలు మీంచి లేద్దామంటే కాళ్లు తిమ్మిరెక్కి, గుడ్డ చుట్ట ఒకదాన్ని పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను, మీరు ఆదుర్దా పడొద్దు. పుస్తకం వచ్చింది, ఉద్యోగం ఖాయమైంది. మా అక్క ఇప్పుడు అడగనివాళ్లకు కూడా, మా అమ్మాయి ఫ్యాషన్ డాక్టరండీ అని చెబుతోంది. ఫ్యాషన్ డాక్టరంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఫోన్ నాకిస్తుంది.

కానీ నాకు ఎక్కువ గుర్తుండేది ఆ శనివారమే. వ్యానెక్కి పిల్ల సీట్లో వెనక్కి వాలిపోయింది.

"మామయ్యా, ఆవిడకు నిజంగా ఆరోజే తెలిసిందంటావా? ఇవాళ విని తెలుసని అందంటావా?"

"ఆ గాట్ల లెక్క చూస్తే తెలిసే ఉంటుంది. ఆరోజు కళ్లజోడు పెట్టుకోని సంగతి చూస్తే చెప్పలేం" అన్నాను.

"ఏదైనా సరే, రెండూ రాస్తాను" అంది. ఎన్నో నెలల తర్వాత దాని నవ్వు మామూలుగా వినిపించింది.

ఇంజను స్టార్ట్ చేశాను. ఎవరో కిటికీ మీద తట్టారు. చేతులక్క. సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరినట్టుంది.

"బొమ్మా, ఆ కోటు ముక్క ఇంకోసారి చదువు. ఇందాక భయంలో ఒక్క మాటా చెవికెక్కలేదు."

పిల్ల కాగితాలు తీసింది. ఆవిడ కిటికీ చట్రం మీద మోచేతులు ఆనించి వింది. మేడం చుట్టూ తిరిగిన చోట 'అబ్బో' అంది. ఎవరూ కిక్కురుమనలేదన్న చోట నవ్వు మొదలైంది. "నా మొహం అలా ఉందా ఆరోజు? పాలిపోయిందని రాశావు, పాలిపోయిందా?" అని అడిగి, జవాబు వినకుండానే మళ్లీ నవ్వింది. వెనకాల బస్సువాడు హారను మోగిస్తున్నాడు. చెయ్యి బయటపెట్టి పక్కనుంచి వెళ్లమని ఊపాను. చదవడం ఇంకా పూర్తికాలేదు మరి.