అంచు గుంట

“నీ చెయ్యి తేలికమ్మా. మావాడు ఒక్కసారి వేసినందుకే వారం మండింది” అని అత్తయ్య ఇవాళ కూడా అన్నారు. మూడేళ్ళుగా పొద్దునా సాయంత్రం ఆవిడకి షుగర్ సూది నేనే వేస్తున్నాను. మా ఆయన పక్కనే ఫోన్ చూసుకుంటూ, “దానికి అలవాటేలే, ల్యాబ్‌లో రోజంతా చుక్కలు వేసే పనేగా” అన్నారు.

చుక్కలే. అరచేతిలో పట్టే ప్లేటు, అందులో మూడువందల ఎనభైనాలుగు గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో మందు చుక్క. రక్తంలోకి చక్కెర వదలమని కాలేయానికి చెప్పే హార్మోను ఒకటుంది. అది వచ్చి కూర్చునే చోటు రిసెప్టర్. ఆ చోట ముందే కూర్చుని దానికి దారివ్వని మందు కోసం మా వెతుకులాట. ప్లేటు అంచు గుంటలు తొందరగా ఆరిపోయి తప్పు ఫలితం చూపిస్తాయి. అందుకని వాటి ఫలితాలు చూడకుండానే కొట్టేస్తారు. నేను మాత్రం చూస్తాను. ఎందుకో వదలబుద్ధి కాదు. పోయిన నెల అలాంటి గుంటలోనే ఒక మందు దొరికింది.

“అంచు గుంటని నమ్ముకుంటే అయినట్టే” అని మా టీమ్ లీడర్ నవ్వారు. అదే మందుని ప్లేటు మధ్యలో వేసి నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ అడ్డుకుంది. నిన్న లీడర్‌గారే ఆ ఫలితాల కాగితాలు తీసుకుని, “రేపు ఐదింటి మీటింగులో నేను చెప్పేస్తాలేమ్మా. పెద్దవాళ్ళు వస్తారు, నువ్వు తడబడతావు” అన్నారు.

పొద్దుటి నుంచి చేతులు ఒకచోట నిలవడం లేదు. కడిగిన గాజు గొట్టాలే మళ్ళీ కడిగాను. అంతమంది ముందు గొంతు పెగలకపోతే? పోనీలే అనుకోబోయి, ఆ పోనీలే ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో గుర్తొచ్చి కుళాయి కట్టేశాను.

ఐదుకి పది నిమిషాలున్నాయనగా మా ఆయన ఫోన్. “ఆరింటికల్లా వచ్చెయ్. అమ్మకి సూది.”

“ఇవాళ మీరు వెయ్యండి. ఎంత వెయ్యాలో ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టాను.”

“నాకు రాదు కదే!”

“నాకూ పుట్టుకతో రాలేదండీ. నాలుగుసార్లు వేస్తే వస్తుంది.”

మీటింగు గదిలో నా కుర్చీ ఎప్పుడూ బల్ల చివర, తలుపు పక్కన. లేచి టీ చెప్పి రావడానికి వీలుగా ఉంటుందని. “ఏమ్మా, టీ సంగతి చూడు” అన్నారు లీడర్‌గారు నన్ను చూడగానే.

బల్ల మధ్యలో, పెద్దవాళ్ళకి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఈ మందు అంచు గుంటలో దొరికింది” అన్నాను. “అక్కడ చూసింది నేను.”