చిల్లు మీద కాపలా

నేను ఒక గూనపెంకు ముక్కను. ముక్కనని జాలిపడకండి. నిండు పెంకుగా ఉన్న రోజుల్లో వందల్లో ఒకటిగా ఇంటి కప్పు మీద పడి ఉండేదాన్ని. విరిగాకే నాకంటూ ఒక ఉద్యోగం దొరికింది. మొక్కల కుండీ అడుగున ఉండే చిల్లు మీద బోర్లా కూర్చోవడం నా పని. నీళ్ళు పోవాలి, మట్టి పోకూడదు. వినడానికి ఇంతే, కానీ ఈ పని నాకన్నా బాగా చేసేవాళ్ళు ఉంటే నా ముందుకు రమ్మనండి.

కడియం దగ్గర ఒక కుమ్మరి ఆవంలో కాలి పుట్టాను. ముప్పై ఏళ్ళు ఒకే ఇంటి మీద ఎండకు ఎండి, వానకు తడిశాను. ఆ ఇంటివాళ్ళు డాబా వేసుకుందామనుకున్న రోజున మమ్మల్ని పైనుంచి కిందికి విసిరారు. మెల్లగా దించమని ఒక్కరూ అనలేదు. అలా మూడు ముక్కలై, ఒక నర్సరీ వెనక పెంకుల కుప్పలో చేరాను.

అక్కడ నన్ను ఏరింది నూకరత్నం. ఆ నర్సరీలో కుండీలు నింపే కూలి. మిగతా వాళ్ళు చేతికి ఏది దొరికితే అది చిల్లు మీద పడేసి మట్టి దోపేసేవారు. ఈవిడ మాత్రం ఒక్కో పెంకునూ అరచేతిలో బోర్లించి, వంపు చూసి, అంచులు తడిమి ఎంచేది. నన్ను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, "ఇది సరిగ్గా కూకుంటాది" అంది. నా జన్మలో నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే.

తర్వాత నూకరత్నానికి పక్క పట్నంలో ఒక ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మాలి పని దొరికింది. ఆ ఊరి పేరు చెప్పను, ఆఫీసు పేరు అసలే చెప్పను. భర్త పోయిన మనిషి, పెద్దమ్మాయి నర్సింగు చదువుతోంది. నర్సరీలో పని ఉన్న రోజు ఉండేది, లేని రోజు లేదు. ఆఫీసులో అయితే ఏడాదంతా పని. కాకపోతే ఏడాది చివర మళ్ళీ రెన్యూవల్ కాగితం రావాలి. ఆ కాగితం వస్తేనే పిల్ల చదువు సాగుతుంది. ఆవిడ మొదటి రోజు గోనెసంచి నిండా మమ్మల్ని నింపుకుని బస్సెక్కింది.

"ఏంటమ్మా, రాళ్ళు మోసుకెళ్తున్నావు?" అన్నాడు కండక్టరు.

"మొక్కలకండి."

"మొక్కలకు రాళ్ళేంటమ్మా!" అని అతను బస్సంతా వినబడేలా నవ్వాడు. నవ్వనివ్వండి, నాకేం నష్టం లేదు.

ఆఫీసు వరండాలో ఇరవై నాలుగు కుండీలు. నాకు వచ్చింది నందివర్ధనం. చిల్లు మీద నేను, నా చుట్టూ గరుకు ఇసుక, ఆ పైన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు. కింద చుక్క పడేదాకా నూకరత్నం నీళ్ళు పోసేది, పడగానే ఆపేది. మధ్యాహ్నం క్యారేజీలు తిన్నాక గిన్నెలు తొలిచిన నీళ్ళు కుండీల్లో ఒంపడం అక్కడి ఉద్యోగుల అలవాటు. చారు, మజ్జిగ, అప్పుడప్పుడు పచ్చడిలోని ఆవగింజ కూడా నా దాకా దిగేవి. అన్నిటినీ మర్యాదగా బయటికి సాగనంపేదాన్ని. మట్టికింద ఉన్నదానికి ఇవన్నీ ఎలా తెలుసని అడుగుతారేమో. వరండాలో మాట్లాడే మాటలన్నీ కుండీల్లోకే దిగుతాయి. మొక్కల దగ్గర మనుషులు గొంతు తగ్గించుకోరు.

అంతా సవ్యంగా ఉండగా వరండాకు తెల్ల టైల్స్ వేశారు. సూపరింటెండెంట్ పరాంకుశం గారికి వాటిమీద మమకారం పుట్టింది. ఆయన చెడ్డవారు కాదు. పాతికేళ్ళ సర్వీసులో తన కళ్ళముందు కొత్తగా వచ్చిన వస్తువు అదొక్కటే మరి. కుండీల కింద ఎర్రనీళ్ళ చారలు కనబడేసరికి ఆయన ప్రాణం విలవిల్లాడిపోయింది. మర్నాడే తాపీమేస్త్రీని పిలిపించి, కుండీలన్నీ పక్కకు వాల్చి, అడుగు చిల్లులు సిమెంటుతో మూయించమన్నారు.

"అయ్యగారూ, చిల్లు మూసేస్తే మొక్క బతకదండి" అంది నూకరత్నం.

"నీళ్ళు బయటికి పోకపోతే మొక్కకే మంచిది కదమ్మా. పోసిందంతా దానికే దక్కుతుంది."

"దక్కకూడదండి బాబూ, పోవాలండి."

"పోయడమెందుకు, పోవడమెందుకు? నువ్వు ఊరుకో."

కింద నుంచి సిమెంటు వచ్చి నా పొట్టకు అంటుకుంది. ఉద్యోగం ఉన్నచోటే ఉంది, చెయ్యడానికి పని లేకుండా పోయింది. ఆ ఆఫీసులో అలాంటివాళ్ళు ఇంకొందరు ఉన్నారు గానీ, వాళ్ళలా హాయిగా ఉండటం నాకు చేతకాలేదు.

పది రోజులకు నీళ్ళు అడుగున నిలిచాయి. వేళ్ళకు గాలి అందలేదు. ఆకులు పసుపెక్కి, చెవులు వేలాడేసినట్టు కిందికి వాలాయి. మొక్కకు దాహమైనా ఆకు వాలుతుంది, ఊపిరాడకపోయినా ఆకు వాలుతుంది. వేలు పెట్టి మట్టి చూస్తే రెంటిలో ఏదో తెలిసిపోతుంది. పరాంకుశం గారు వేలు పెట్టలేదు. ఆకులు చూసి, నీళ్ళు చాలడం లేదని తేల్చేశారు.

అంతే, నీళ్ళ రిజిస్టరు పుట్టింది. రోజుకో సెక్షన్ వంతు, పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు, పోసినవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ ఆఫీసులో సంతకం పెట్టిన పని నిజంగా జరిగింది అదొక్కటేనేమో. అందరూ భయపడి పోశారు. పైగా క్యారేజీ నీళ్ళు మామూలే. నా చుట్టూ చారు పులిసింది, మజ్జిగ కుళ్ళింది, నందివర్ధనం వేళ్ళు ఒక్కొక్కటే మెత్తబడి నల్లగా నా మీద వాలాయి. వాటిని మోస్తూ నాకు ఏడుపొచ్చింది.

నూకరత్నం రెండుసార్లు చెప్పి చూసింది. మూడోసారి చెప్పబోయేలోగా ఆవిడకే మెమో వచ్చింది. మొక్కల సంరక్షణలో నిర్లక్ష్యం వహించినందున మీ సేవలు ఎందుకు నిలిపివేయకూడదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసినది, అని. అటెండరు చదివి వినిపించాడు. నా కుండీ అంచు మీద ఆవిడ చెయ్యి చాలాసేపు ఉండిపోయింది. రెన్యూవల్ కాగితాలు వెళ్ళాల్సిన నెల అది.

మూడో రోజు పైఆఫీసరు వసుంధర గారు తనిఖీకి వచ్చారు. వాడిన మొక్కలు చూసి మాలి ఎవరన్నారు. పరాంకుశం గారు మెమో నకలు అందించారు.

"సంజాయిషీ రాశావా అమ్మా?" అన్నారావిడ.

"రాయడం రాదండి. సూపిత్తానండి."

అంటూనే నూకరత్నం నా కుండీని రెండు చేతులా ఎత్తి, వసుంధర గారి కాళ్ళ ముందు, ఆ తెల్ల టైల్స్ మీద బోర్లించింది. నల్లటి నీళ్ళు భళ్ళున చిమ్మాయి. ఆ కంపుకు అకౌంట్స్ సెక్షన్ అంతా ముక్కు మూసుకుని లేచింది. బురదలోంచి కుళ్ళిన వేళ్ళు, వాటి వెనకే సిమెంటు అంటుకున్న నేను బయటపడ్డాం. నూకరత్నం నన్ను పైకెత్తి చూపించింది.

"ఇది నేను పెట్టిన పెంకండి. నీళ్ళు దీని పక్కనించి కిందికెళ్ళాలండి. కింద దారి లేదండి. ఇది దాహం కాదండి, ములిగిపోయిందండి మొక్క. రోజూ రెండేసి బకెట్లు పోసి సంపేసేరండి."

"కింద ఎవరు మూశారు?"

మూసినవారి పేరు చెప్పేస్తే నూకరత్నం ఉద్యోగం నిలబడుతుంది. నేనైతే గట్టిగా అరిచి చెప్పేదాన్నే.

"ఎవరు మూసేరో నాకెందుకండి. తెరవమని సెప్పండి, చాలు. ఇంకా ఇరవై మూడున్నాయి, వాటికి టైము లేదండి."

అప్పుడు పరాంకుశం గారు ముందుకొచ్చారు. "నేనే మూయించానండి. ఆవిడ వద్దనే చెప్పింది" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆయన గొంతే చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో ఆయన మీద నా కోపం సగం చల్లారింది.

ఆ సాయంత్రం దాకా శీలతో, సుత్తితో నూకరత్నం చిల్లులు తెరుస్తూనే ఉంది. బకెట్లు మోసినవాళ్ళే కుండీలు వాల్చి పట్టుకున్నారు. పదహారు మొక్కలు బతికాయి. నా నందివర్ధనం బతకలేదు. అబద్ధం చెప్పను, దాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

నన్ను మాత్రం పరాంకుశం గారు సిమెంటు గీకించి, కడిగించి, తన బల్ల మీద కాగితాలకు బరువుగా పెట్టుకున్నారు. ఫ్యాను గాలి, టీ వాసన, వచ్చినవాళ్ళందరి చూపులూ నా మీదే. ఇదేమిటని అడిగినవాళ్ళకి ఆయన కథంతా చెప్పేవారు, తన తప్పుతో సహా. గౌరవమే, కాదనను. కానీ పని లేని గౌరవం నాకు పడదు.

నెల తర్వాత నూకరత్నం రెన్యూవల్ ఆర్డరు తీసుకోవడానికి వచ్చింది. అది నా కిందే ఉంది. పరాంకుశం గారు నన్ను ఎత్తి, కాగితం ఆవిడకిచ్చారు. ఆవిడ ఒక చేత్తో కాగితం అందుకుని, రెండో చేత్తో ఆయన చేతిలోంచి నన్ను కూడా తీసేసుకుంది.

"ఇది పనిసేసే సరుకండి. బల్ల మీద కూకోబెడితే ఎలాగండి?"

"మరి నా కాగితాలు ఎగిరిపోవూ?"

"ఫ్యాను తగ్గించుకోండి."

ఇప్పుడు నేను కొత్త కుండీలో ఉన్నాను. పైన గన్నేరు. మొదటి రోజు నూకరత్నం నీళ్ళు పోసింది. మట్టి తాగింది, ఇసుక తాగింది, మిగిలినది నా వంపు మీదుగా జారి రెండు పక్కలా దిగింది. కింద టైలు మీద టప్పున చుక్క పడింది. అప్పుడే పరాంకుశం గారి చెప్పుల చప్పుడు వచ్చి నా పక్కన ఆగింది. ఆవిడ చెంబు పట్టుకున్న చెయ్యి వెనక్కి తియ్యలేదు. ఇంకో చుక్క పడింది, ఇంకోటి పడింది. ఆ చెప్పులు ఒక్క అడుగు పక్కకు వేసి, తడి తొక్కకుండా లోపలికి వెళ్ళిపోయాయి.