నల్ల చెయ్యి, తెల్ల చెయ్యి

నేను ఒక ఆర్కిడ్ మొక్కను. ఆల్ప్స్ కొండల్లో, ఆవులు కూడా చూసుకుని అడుగు వేసే ఏటవాలు పచ్చిక మీద పుట్టాను. గులాబీ రంగు పూలకంకి, లవంగాల వాసన, ఇవి పైకి తెలిసే సంగతులు. నా ప్రాణం మాత్రం మట్టి కింద రెండు దుంపల్లో ఉంటుంది. ఆ దుంపలు చేతివేళ్లలా చీలి ఉంటాయి. చూడటానికి అచ్చం మనిషి చేతులే. ఒకటి పాతది, నల్లబడి ముడతలు పడింది. ఈ ఏటి పువ్వుకు తిండి పెట్టేది అదే. రెండోది తెల్లది, లేతది. వచ్చే ఏడు నేనంటూ ఉంటే దానివల్లే.

నా విత్తనం దుమ్ము రేణువంత. తల్లి అందులో దారిబత్తెం ఏమీ పెట్టి పంపలేదు. మట్టిలోని ఒక బూజు దయతలచి కొన్నేళ్లు సాకితే ఆకు వేశాను. ఆకు వేసిన నాటి నుంచి భయమే. కొడవళ్లంటే భయం. ఆ బూజును చంపే ఎరువంటే భయం. అన్నిటికంటే పునీత యోహాను పండుగంటే భయం. నడివేసవిలో వచ్చే ఆ రోజున తెల్ల చేతిని తవ్వి దిండు కింద పెడితే రోగి లేచి కూర్చుంటాడని ఈ లోయ జనం నమ్మకం. నల్లది దయ్యం చెయ్యట, విసిరి పారేస్తారు. పనిచేసి నల్లబడిన చేతి మీద మనుషులకు అంత గౌరవం ఉన్నట్టు లేదు.

ఆ ఏడు పండుగ నాడు ముసలి ఆగ్నెస్, ఆమె కోడలు రోసీనా కొండెక్కి వచ్చారు. వాళ్ల మాటల్లోనే నాకు సంగతి తెలిసింది. రోసీనా కూతురు ట్రూడీ జ్వరంతో మంచం పట్టింది. పెద్దకూతురు మార్తా కిందటేడు ఇలాంటి జ్వరంతోనే పోయింది.

"ఇదిగో, దీని వాసన చూడు. బలమైన మొక్క," అంది ముసలామె.

"కిందటేడు తవ్వింది కూడా బలమైనదే అన్నారు, అత్తయ్యా."

"కిందటేడు పండుగ దాటాక తవ్వాం. మందు ఆలస్యంగా వేసి డాక్టర్ని తిడతావా?"

"తిడతాను."

"తిట్టుకో. ముందు తవ్వు. నేను వంగానంటే ఈ నడుము మళ్లీ లేవదు, నన్నూ ఇక్కడే పాతిపెట్టాల్సి వస్తుంది."

రోసీనా నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని కత్తిమొనతో నా చుట్టూ మట్టి తీసింది. తగలకూడని చోట ఎండ తగిలింది. నా రెండు చేతులూ ఇప్పుడు ఆమె అరచేతిలో ఉన్నాయి. నల్లది ఎప్పటిలాగే తెల్లదాన్ని ఆనుకుని ఉంది. కత్తి వాటి మధ్యకు వచ్చి ఆగింది.

"ఏమైందే?"

"ఇది మరీ పసిది, అత్తయ్యా."

"మనకు కావలసింది పసిదే."

"తల్లిది తీసుకుంటాను."

"నల్లదా? బుద్ధుందా నీకు? జబ్బుపిల్ల దిండు కింద దయ్యం చెయ్యి పెడతావా?"

"దాని దిండు కింద కాదు, నా దిండు కింద. రావలసిందేదైనా ఉంటే నా దగ్గరికి రానీండి."

కోడలు నల్లదాన్ని కోసుకున్నాక, ముసలామె కూడా పక్కన కూలబడి తెల్లదాని మీద మట్టి కప్పింది.

నా పూలు ఆ వారంలోనే వాడిపోయాయి. ఆ ఏటి విత్తనాలు నాకు దక్కలేదు. మంచు కింద శీతాకాలమంతా ఒకటే ఆలోచన: ఆ పిల్ల ఏమైంది? మొక్కకు కబురు మోసేదెవరు? తెల్ల చేతిలో ఏ మహిమా లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? నల్ల చేతిలోనూ ఏమీ ఉండకూడదని మాత్రం కోరుకున్నాను, ఆ తల్లి కోసం.

వేసవికి రెండు ఆకులే వేయగలిగాను. పువ్వు లేదు, వాసన లేదు. గడ్డిలో గడ్డినై ఉన్నాను. ఒక మధ్యాహ్నం రోసీనా గొంతు వినిపించింది. "ఇక్కడే ఎక్కడో ఉండాలి. చూసి నడువు."

ఎవరితో అంటోందో తెలియలేదు. అంతలో పరుగు వినిపించింది. చిన్న బూటొకటి సరిగ్గా నా మీద పడింది. ఒక ఆకు నడిమికి విరిగింది.

ఆ అడుగు తేలిక అడుగు కాదు. రెండు పూటలా తిండి తింటున్న పిల్ల బరువు. ఇంకాసేపు అక్కడే నిలబడితే బాగుండుననిపించింది.