పెన్సిల్‌తో గీసిన గది

నా పాఠకులు నాకు పెట్టిన పేరు పిసినారి అత్త. ఏ ఆటకైనా పదికి ఆరు మార్కులు దాటించడం నా వల్ల కాదు. ఏం చెయ్యమంటారు? ముప్పై ఏళ్ళ కిందటి కంప్యూటర్ ఆటలను చిన్నప్పటి జ్ఞాపకాల మత్తులో ఆకాశానికెత్తేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. నాకు ఆ మొహమాటం లేదు. బాగుంటే బాగుందంటాను, బాగోకపోతే ఉతికి ఆరేస్తాను.

నేను రాసేది ఒకే రకం ఆటల గురించి. వాటిలో తుపాకులుండవు, పరుగులుండవు. ఒక బొమ్మ మనిషి ఒక గదిలో నిలబడి ఉంటాడు. మనం ఆ గదిని జల్లెడ పట్టాలి. చాప కింద తాళంచెవో, గడియారంలో చీటీయో దొరుకుతుంది. దాంతో ఇంకో గది తలుపు తెరవాలి. అంతే సంగతి. ఓపిక లేనివాళ్ళకి అది శిక్ష. నాకు మాత్రం అన్నం పెట్టకపోయినా ఫరవాలేదు, అలాంటి ఆట ఒకటి ముందు పెడితే చాలు.

అన్నం పెట్టేది కళ్ళద్దాల కొట్టు. వారానికి ఆరు రోజులు అక్కడ జనం కళ్ళు పరీక్షిస్తాను. "ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా" అని పొద్దస్తమానం అడుగుతాను. సాయంత్రం ఇంటికొస్తే నన్ను ఏమైనా అడిగే దిక్కు లేదు. ఒక గది, ఒక వంటిల్లు, కంప్యూటర్ బల్ల, రెండు కుర్చీలు. ఒకటి నాది. రెండోదాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టల కుప్ప. దాని సీటు ఏ రంగని అడిగితే ఠక్కున చెప్పలేను. ఒంటరితనం అలవాటైపోతుందంటారు. నేను ఒక్కదాన్నే ఉండబట్టి పద్దెనిమిదేళ్ళయింది, ఇంకా అలవాటు కాలేదు.

పాత ఆటల వెబ్‌సైటు ఒకటి నడిపే కుర్రాయనకి నెలకో సమీక్ష రాసిస్తాను. పేరెందుకు, తొందరబాబు అంటాను నేను. ఫోన్‌లో హలో అనకముందే విషయంలోకి దూకుతాడు.

"మేడమ్, ఈసారి మీ వందో సమీక్ష. పాఠకులందరూ లైట్‌హౌస్ ఆట గురించి రాయమంటున్నారు. మంగళవారం సాయంత్రానికి కావాలి."

"ఆ ఆట నా దగ్గర లేదు."

"అబద్ధం! మీ ఫోటోలో, వెనకాల అలమరలో దాని పెట్టె కనిపిస్తోంది."

"నువ్వు మా కొట్టుకి రానక్కర్లేదు బాబూ, నీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి" అని పెట్టేశాను. పెట్టేశాను గానీ, నా దగ్గర ఒక నియమముంది. చివరిదాకా ఆడని ఆట గురించి ఒక్క ముక్క కూడా రాయను. ఆ లైట్‌హౌస్ ఆట నేను చివరిదాకా ఆడలేదు. దాన్ని నేనూ మా తమ్ముడూ ఆడేవాళ్ళం.

అప్పుడు నాకు పంతొమ్మిది, వాడికి పదమూడు. మౌసు నా చేతిలో, మ్యాపు వాడి చేతిలో. గళ్ళ కాగితం మీద వాడు గదులు గీసేవాడు. మా ఇద్దరికీ రెండే రూల్సు. మొదటిది, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు ఆట ముట్టుకోకూడదు. రెండోది వాడే పెట్టాడు. కళ్ళారా చూసిన గదిని పెన్నుతో గీయాలి, ఉండొచ్చని ఊహించిన గదిని పెన్సిల్‌తో గీయాలి. తలుపు తెరిచాక ఊహ నిజమైతే పెన్సిల్ గీత మీద పెన్ను తిప్పేవాడు, తప్పైతే నాలుక కొరుక్కుని రబ్బరుతో చెరిపేసేవాడు.

ఒక సాయంత్రం లైట్‌హౌస్ పైగది తాళంచెవి మాకు దొరికింది. పదకొండు వారాలు వెతికితే దొరికిందది! ఇద్దరం కుర్చీల్లోంచి లేచి గెంతాం. కానీ నా బస్సు టైమైపోయింది. కళ్ళ పరీక్ష నేర్చుకోవడానికి పది రోజులు వేరే ఊరు వెళ్తున్నాను. "సేవ్ చేసి ఆపెయ్, వచ్చాక తెరుద్దాం" అని వాడికి చెప్పి సంచి భుజాన వేసుకుని పరుగెత్తాను. ఆ పది రోజులూ నా బుర్రనిండా ఆ తలుపే.

తిరిగొచ్చి చూస్తే బల్ల మీద మ్యాపు. దాని మీద తలుపు అవతల గది, పూర్తిగా గీసేసి ఉంది.

"తెరిచేశావా?"

"లేదక్కా, ఒట్టు."

"మరి ఇదేంటి? దొంగవెధవా, నేను వచ్చేదాకా ఆగలేకపోయావా?"

"కాదక్కా, ఒక్కసారి సరిగ్గా చూడు..."

నేను చూడలేదు. నాకు ముక్కు మీద కోపం, అప్పుడూ ఇప్పుడూ. కాగితం మడిచి, ఫ్లాపీలతో సహా పెట్టెలో పడేశాను. నీతో ఇక ఆడనన్నాను, అన్న మాట మీద నిలబడ్డాను. కొన్నాళ్ళు వాడు నా వెనకాలే తిరిగాడు, తరవాత మానేశాడు. ఏడాది తిరక్కుండా ఉద్యోగమొచ్చి ఇల్లు వదిలాను, పెట్టె కూడా తెచ్చేసుకున్నాను. వాడు లిఫ్టుల మెకానిక్ అయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలుస్తాం. "బాగున్నావా అక్కా", "బాగున్నాన్రా", అక్కడితో సరి.

సోమవారం, పాత కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి ఫ్లాపీలు తీసుకెళ్ళాను. "బూజు పట్టలేదు, అదృష్టవంతురాలివమ్మా" అంటూ కాపీ చేసిచ్చాడు. మంగళవారం నాకు సెలవు. ఆట మళ్ళీ మొదట్నించీ ఆడాలని మధ్యాహ్నం కూర్చున్నాను. ముందు సమీక్షకి ఫోటో కావాలి కదా అని మ్యాపు తీసి కిటికీ దగ్గర వెలుతుర్లో పరిచాను.

గదులన్నీ నీలం సిరాతో ఉన్నాయి. ఆ చివరి గది ఒక్కటే బూడిదరంగులో ఉంది.

పెన్సిల్.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. పెన్సిలే. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో పొడుగు జడ బొమ్మ, రెండోదాంట్లో నిక్కబొడుచుకున్న జుట్టు బొమ్మ. తలుపు తెరిస్తే లోపల మేమిద్దరమే ఉంటామని వాడి ఊహ. కంప్యూటర్లో సేవ్ చేసిన ఆటల జాబితా తెరిచాను. తొమ్మిది పేర్లు నేను పెట్టినవి. పదోది వాడు పెట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: "అక్కొచ్చాక తెరుద్దాం". నొక్కాను. బొమ్మ మనిషి తాళంచెవి పట్టుకుని, మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

ఊరందరి కళ్ళూ పరీక్షించే నేను, నా తమ్ముడు పెన్సిల్‌తో గీశాడో పెన్నుతో గీశాడో చూసుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఒక్కేళ్ళు నేను వాణ్ణి ఊరికే దొంగని చేశాను.

ఫోన్ చేశాను.

"ఏంటక్కా, అందరూ బాగానే ఉన్నారా?" అన్నాడు కంగారుగా. నా నంబరు కనిపిస్తే ఎవరో పోయారనుకునే స్థితి మరి. వెనకాల ఇనప గొలుసుల చప్పుడు.

"అందరూ బాగున్నార్రా. మనం ఆడిన లైట్‌హౌస్ ఆట గుర్తుందా?"

"ఏ ఆట?"

"అదేరా, నువ్వు మ్యాపులు గీసేవాడివి. పైగది తలుపు. నేను ఊరెళ్ళొచ్చి నిన్ను దొంగ అన్నాను..."

"ఆట గుర్తు లేదక్కా. నువ్వు నాతో మాట్లాడటం మానేశావు, అది గుర్తుంది. ఎందుకో తెలిసేది కాదు. ఏదో పెద్ద తప్పే చేసుంటానులే అనుకునేవాణ్ణి."

"నువ్వేం చెయ్యలేదురా. నేనే సరిగ్గా చూడలేదు. తప్పంతా నాది."

"పోనీలే అక్కా. ఎప్పటి సంగతో."

"ఒకసారి మా ఇంటికి రారా. ఆ తలుపు ఇంకా అలాగే ఉంది. ఇద్దరం కలిసి తెరుద్దాం."

"చూద్దాంలే అక్కా. ఈ నెలంతా ఊపిరాడట్లేదు. ఇక్కడ లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు, ఉంటా మరి."

పెట్టేశాడు. పోనీలే అన్నాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టేంత చనువు కూడా నేను మిగల్చలేదు.

కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాను. తెర మీద తాళంచెవి, తలుపు. ఒక్కసారి నొక్కితే అయిపోతుంది, వందో సమీక్ష పూర్తవుతుంది. మౌసు మీద వేలు పెట్టాను కూడా. తీసేశాను. ఆట మూసేసి, తలుపు దాకా నాకు తెలిసిందంతా రాశాను. చివర్లో, ఇక్కడి నుంచి ముందుకి నేను ఆడలేదు, ఈ గది మా తమ్ముడి పెన్సిల్ గీతల్లో మాత్రమే చూశాను అని రాసి పంపించాను.

ఐదు నిమిషాల్లో తొందరబాబు ఫోన్. "మేడమ్, మార్కులేవి?"

"ఆట పూర్తి కాలేదు బాబూ."

"ఒక్క తలుపే కదా మిగిలింది! తెరిచెయ్యండి, అరగంట ఆగుతాను."

"నేనొక్కదాన్నే తెరవకూడదు. మా ఇంట్లో అదొక రూలు."

"మరి ఎప్పుడు తెరుస్తారు?"

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు. మా తమ్ముడు వస్తానని అనలేదు, చూద్దామన్నాడంతే.

ఫోన్ పెట్టేసి, రెండో కుర్చీ మీది బట్టలన్నీ తీసి మడతపెట్టి బీరువాలో సర్దాను. సీటు ఆకుపచ్చ రంగు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, దాన్ని నా కుర్చీ పక్కకి జరిపాను.